తువ్వాలు అందించింది నేనే

అక్కా,

నీ కాలేజీలోనే నాకూ సీటొచ్చింది. హాస్టల్లో ఉండాలా, ఇంటినుంచి బస్సులో వెళ్లాలా అన్నది నిన్నే అడగమన్నారు నాన్న. బస్సయితే రోజూ రెండు గంటలు నిలబడాలి, కానీ అమ్మ వంట దొరుకుతుంది. హాస్టలైతే గంట కొట్టాక లేచినా క్లాసు అందుతుంది, కానీ స్నానానికి బకెట్ల వరస. ఇవన్నీ నువ్వు చెప్పినవే.

నువ్వు చెప్పనిది ఒకటుంది. మొన్న సెలవులకొచ్చినప్పుడు స్నానాలగదిలోంచి "పిచ్చుకా, తువ్వాలివ్వవే!" అని కేకేశావు. పిచ్చుకంటే నీ రూమ్మేటట! ఊహ తెలిసినప్పట్నుంచీ నీకు తువ్వాళ్లందిస్తున్నది నేను. ఆ రోజూ నేనే అందించాను.

హాస్టల్ ఫారం నింపేశాను. 'ఎవరితో గది పంచుకుంటారు?' అన్నచోట నీ పేరే రాశాను. ఆ పిచ్చుకని వేరే గూడు చూసుకోమను.

ఇట్లు,
నీ చెల్లెలు
(పేరు నువ్వే గుర్తుతెచ్చుకో)