బాపు పేరు ఏ గడిలో రాయాలి

తిరుపూర్

బాపూ,

నీ కాళ్ళకు మొక్కుతున్నాను. నేనిక్కడ బాగున్నాను. అక్కడ నువ్వు, అమ్మ, అవ్వ, చెల్లె మంచిగున్నారని తలుస్తున్నాను. అవ్వ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? చెల్లే, ఇది బాపుకు గట్టిగా చదివి వినిపించు. మధ్యలో లేచి మగ్గం దగ్గరికి పోతే వెంటపడి మరీ చదువు. ఫోనులో ఈ సంగతి ఎత్తితే పెట్టేస్తున్నాడు కాబట్టే ఉత్తరం రాస్తున్నాను.

ముందు మంచి కబురు. నా ఉద్యోగం పర్మినెంటయింది! ఇప్పుడు కుట్టు మిషను మీద కాదు, తయారైన బట్టలో లోపాలు చూసే బల్ల దగ్గర పని. ఇక్కడ రోజూ సాయంత్రం వానే. పొద్దున ఇడ్లీ సాంబారు, మధ్యాహ్నం సాంబారు, రాత్రికి మిగిలిన సాంబారు. జొన్నరొట్టె కలలోకి వస్తోంది. ఎవరైనా ఇటు వస్తే చింతకాయ తొక్కు పంపండి. గదిలో అందరూ తమిళ పిల్లలు. మంచివాళ్ళే, కానీ ఆదివారం మన మాట మాట్లాడే మనిషి లేక ఏడుపొస్తుంది. బెంగ పెట్టుకోకండి, వేళకు తింటున్నాను.

అసలు సంగతికి వస్తాను. పర్మినెంటయినవాళ్ళకు దవాఖాన కార్డు ఇస్తారు. దానికోసం ఒక కాగితం నింపమన్నారు. అందులో డిపెండెంట్ ఎవరు, బెనిఫిషియరీ ఎవరు అని రెండు గళ్ళు. బెనిఫిషియరీ అంటే లబ్ధిదారే కదా! మన ఊరి సభలో లబ్ధిదారుల పేర్లు చదివినప్పుడల్లా నీ పేరు లేక, తువ్వాల దులుపుకుని లేచి వచ్చేవాడివి. అందుకే ఉషారుగా ఆ గడిలో నీ పేరు రాసేశాను. డిపెండెంట్ గడి ఖాళీగా వదిలేశాను. పొద్దంతా మగ్గం నేసే మనిషిని నా మీద ఆధారపడినవాడని ఎట్లా రాయను?

ఆఫీసులో చిత్తూరు మేడం ఒకామె ఉంది. చూసి, “ఏమ్మా, నువ్వు పోయినాక వచ్చే డబ్బుకి మీ నాయన పేరు రాసినావు. నువ్వు బతికుండంగా ఆయనకేమీ వద్దా?” అంది. ఆ గడి అర్థం నాకు అప్పుడు తెలిసింది. డిపెండెంట్ గడిలో పేరుంటే నీ కంటి శుక్లం ఆపరేషన్ ఆ కార్డు మీద నల్గొండలోనే చేస్తారట! ఆ మాట వినగానే అక్కడే గంతులేసినంత పని చేశాను.

పరుగున వచ్చి ఫోను చేస్తే నువ్వేమన్నావు? “ఏందే, నేను ఒకల మీద పడి తింటున్ననా? బిడ్డ సంపాదన మీద బతుకుతున్ననని కాగితం మీద రాసుకోవాల్నా? నా కండ్లు నాకు మంచిగనే కనపడుతున్నయ్,” అని పెట్టేశావు. కానీ అమ్మ నాతో చెప్పింది: “తెగిన ఎర్రపోగుకు నల్లపోగు అతికిండు బిడ్డా. గదంత ఇప్పి మళ్ళ నేసిండు. అడిగితే నా మీదనే గరమైండు.”

అమ్మ కండెలకు నూలు చుట్టకపోతే నీ మగ్గం ఆడదు. నువ్వు నేయకపోతే ఇల్లు గడవదు. మన ఇంట్లో ఎవరు ఎవరి మీద ఆధారపడలేదు బాపూ?

లబ్ధిదారు గడిలో ఇప్పుడు అమ్మ పేరు రాశాను. ఆ డబ్బు అవసరం ఎవరికీ రాకుండా నేను ముసలిదాన్నయ్యేదాకా బతుకుతాను, ఫికర్ చేయకండి. డిపెండెంట్ గడిలో నీ పేరు రాశాను. నీ ఫొటో, ఆధార్ జిరాక్సు ఈ నెలాఖరులోగా అందకపోతే మళ్ళీ ఏడాది ఆగాలట. నీ కన్ను అన్నాళ్ళు ఆగదు.

అవ్వకు దండాలు చెప్పు. అమ్మను వేళకు తినమను. నన్ను చల్లగా ఉండమని దీవించు.

బుద్ధి తెలిసినప్పటి నుంచి నీ మీద ఆధారపడే పెరిగాను. నువ్వు పెట్టిన బువ్వ తినడానికి నేను ఒక్కనాడూ సిగ్గుపడలేదు. నా దగ్గర నీకెందుకు సిగ్గు?

నీ పెద్దబిడ్డ,
స్వరూప