కుడి పక్క కూడా కట్టి చూశాను

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి నాలుగేళ్లు. పెబ్బేరు సంతలో నువ్వు తూలి పడితే "పొద్దుగాలనే తాగిండు" అన్నారు అందరూ. నువ్వు కల్లు ముట్టేవాడివే కాదు. మెదడు కణాల్లోకి కాల్షియాన్ని పంపే ప్రొటీన్ ఒకటి చెడిందని డాక్టర్ చెప్పేసరికి ఆలస్యమైపోయింది. హైదరాబాద్ ల్యాబ్‌లో ఇప్పుడు నేను వెతికేది ఆ ప్రొటీన్‌నే.

దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీ చిన్న సీసాలో వచ్చింది. ఆర్నెల్లు తిప్పలు పడ్డాక, ఎలుక మెదడు నమూనాకు కలిపితే ఫిల్మ్ మీద నల్లటి గీత పడింది. ప్రొటీన్ దొరికిందని మా సార్ సంబరపడ్డారు. నాకు మాత్రం నువ్వు ఎద్దును కొనే తీరు గుర్తొచ్చింది. కాడికి ఎడమ పక్క ఎంత బాగా నడిచినా, కుడి పక్క కూడా కట్టి చూసేవాడివి. "అమ్మెటోని మాట కాదు బిడ్డా, నడక చూడాలె" అనేవాడివి.

అందుకే ఆ ప్రొటీన్ అసలు లేని కణాలకూ కలిపి చూశాను. అక్కడా అదే గీత పడింది. లేనిదాన్ని ఉందంటోంది ఆ యాంటీబాడీ, నిన్ను చూసి సంతంతా తాగిండన్నట్టే.

"ఆర్నెల్ల పని పోయిందమ్మా" అన్నారు సార్.

"ఇంకోటి తెప్పియ్యండి సార్. మొదట్నుంచి చేస్త" అన్నాను.

తమ్ముడు కూడా ఈమధ్య నడుస్తూ తూలుతున్నాడు నాయినా. వాడి గురించి మాత్రం ఎవరినీ నోటికొచ్చింది అననివ్వను.