ఉత్త రాళ్లు

వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, సోర్‌వుడ్ లోయలో కాపురముంటున్న, కీర్తిశేషుడు హార్లన్ స్టోలింగ్స్ పెద్ద కూతురు ఓర్ఫా స్టోలింగ్స్ అనే నేను, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి రాయించుకున్న చివరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు.

"పూర్తి తెలివి" అన్న ముక్క దగ్గర మా వకీలు కలం ఆపాడు. బొగ్గు కంపెనీ డాక్టర్ రాండల్ ప్రూయిట్ నాది నరాల జబ్బని రాసిపెట్టాడు కాబట్టి, ఆ కాగితం చూపించి దీన్ని కోర్టులో కొట్టేయిస్తారని ఆయన భయం. అందుకని పట్నంలో ఇంకో డాక్టరమ్మకు చూపించుకుని ఆవిడ సర్టిఫికెట్ దీనికి జతపరిచాను. నాకున్నది కోపమే కానీ పిచ్చి కాదని ఆవిడ ఒప్పుకుంది.

కంపెనీ పేరు ఇందులో రాయను. మా కొండను బొగ్గు కోసం పేల్చి మోసుకుపోతున్న ప్రతి లారీ మీదా వాళ్లే రాసుకున్నారు, అది చాలు.

1. నా శరీరం. గట్టు మీద నాకు మిగిలిన మూడెకరాల మీదుగా రోడ్డు వేస్తే తప్ప కంపెనీకి మిగతా కొండ అందదు. నేను పోతానని, నా వాళ్లు అమ్ముతారని వాళ్ల ఆశ. రోడ్డు కోసం వాళ్లు ముందుగానే నా నేలలో నారింజ రంగు మేకు దిగ్గొట్టుకున్నారు. ఆ మేకు పీకి, సరిగ్గా అక్కడే నన్ను పాతిపెట్టాలి. సమాధికి వంద అడుగుల లోపల తవ్వకూడదని చట్టం. బతికుండగా నా మొర వినని చట్టం నేను చచ్చాక వింటుందట, విననివ్వండి. కుళ్లకుండా నా ఒంటికి మందులు ఎక్కించవద్దు, సిమెంటు గుంట కట్టవద్దు. చెక్క పెట్టె చాలు. వాళ్ల దుమ్ము నా ఊపిరితిత్తుల్లో ఉంది, ఈ కొండ నీళ్లు నా ఎముకల్లో ఉన్నాయి. ఎవరి సరుకు వాళ్లకు చేరుతుంది.

2. నా సమాధి రాయి. మా వాళ్లు సమాధులకు పేర్లు చెక్కించరు. ఏట్లోంచి రెండు రాళ్లు తెచ్చి తల దగ్గర ఒకటి, కాళ్ల దగ్గర ఒకటి నాటుతారు. మే నెల ఆఖరి ఆదివారం అందరం వెళ్లి గడ్డి పీకి, పూలు పెట్టి, అక్కడే దుప్పట్లు పరుచుకుని భోంచేస్తాం. ఏ రాయి కింద ఎవరున్నారో పిల్లలకు అప్పుడే చూపిస్తాం. మా అమ్మ, చంటిపిల్లగానే పోయిన మా చెల్లి పెర్ల్ ఉన్న గట్టు నా తమ్ముడు డెల్మర్ వాటాకు వచ్చింది. అక్కడ సమాధులు లేవని ప్రమాణపత్రం ఇస్తేనే కొంటామని కంపెనీ అంది. వాడు ఇచ్చాడు. అడగబోతే, "పేరు లేని రాయి ఎక్కడున్నా రాయే కదే అక్కా! నా బతుకూ నేను చూసుకోవాలిగా" అన్నాడు. ఆ గట్టును పేల్చి లోయలోకి నెట్టారు. అమ్మ ఇప్పుడు ఆ మట్టిలో ఎంత లోతున ఉందో నాకు తెలియదు.

కాబట్టి మా వంశంలో పేరు చెక్కించుకునే మొదటిదాన్ని నేనే. రాయి ముందువైపు అమ్మ పేరు, పెర్ల్ పేరు, నా పేరు చెక్కించాలి. వెనకవైపు వాడి ప్రమాణంలోని మాటలు, వాడి పేరుతో సహా, దూరం నుంచి కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో: "అవి ఉత్త రాళ్లు. — డెల్మర్ స్టోలింగ్స్."

3. డాక్టర్ ప్రూయిట్‌కు మా బావి నీళ్లు ఒక సీసాడు. గట్టు పేలిన మధ్యాహ్నమే నా చేతులు వణకడం మొదలైంది. ఆయన నా నాలుకైనా చూడకుండా, "ఒంట్లో ఏమీ లేదమ్మా, అంతా మనసే. ఆ కొండ గొడవ వదిలెయ్, అదే తగ్గుతుంది" అన్నాడు. కొండ వేరు, ఒళ్లు వేరు, మనసు వేరు అని ఆయనకు ఏ బడిలో నేర్పారో! నేను తాగింది ఆ కొండ నీళ్లు, ఆ నీళ్లే నా రక్తం, ఆ రక్తంతోనే ఈ బుర్ర నడుస్తోంది. సీసా ఆయన బల్ల మీద, రోగులందరికీ కనబడేలా పెట్టి రావాలి. దాహమేస్తే నిరభ్యంతరంగా తాగవచ్చు.

4. డెల్మర్ కూతురు టెస్సాకు మూడెకరాలూ, ఇల్లూ, మా అమ్మ ఇనప మూకుడూ. ఈ వీలునామా అమలు జరిపించేదీ అదే. తండ్రి తిడుతున్నా వచ్చి బుల్డోజరు ముందు నా పక్కన కూర్చుంది. నా చేతులు వణుకుతుంటే తన కోటు జేబులో పెట్టుకుని, "చలికి అత్తా, చలికి" అని పోలీసులకు వినబడేలా గట్టిగా అంది. ఆ జేబు నేను మరిచిపోలేదు. బంగారు తల్లీ, వాగు పక్కన అడవి ఉల్లి మడి ఎక్కడుందో నీకొక్కదానికే తెలుసు, ఎవరికీ చెప్పకు. ఏటా మే ఆదివారం ఊరందర్నీ సమాధి దగ్గరకు పిలువు. చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె, వేయించిన కోడి, ఏదీ తగ్గకూడదు. గట్టెక్కే దారికి కంపెనీ గేటు పెట్టుకుంది, సమాధికి వచ్చేవాళ్లకు చట్టప్రకారం అది తీసి తీరాలి.

నన్ను "ఏమ్మా, ఇంకా ఉన్నావా?" అని పలకరించే కంపెనీ భూముల ఏజెంటు వెండెల్ కిర్బీకి మా వరండాలో కాలు విరిగిన కుర్చీ ఇస్తున్నాను. మీరందరూ తిని, పాడి, దిగొచ్చేదాకా అతను గేటు దగ్గర దాని మీద కూర్చోవచ్చు.

5. నా తమ్ముడు డెల్మర్‌కు నా పక్కన ఆరడుగుల చోటు. వాడికి వేరే గట్టు లేదు, అమ్మేసుకున్నాడు. వాణ్ణి అక్కడ పెట్టడానికి టెస్సా అడ్డు చెప్పకూడదు. ఏట్లోంచి రెండు రాళ్లు తెచ్చి తల దగ్గర ఒకటి, కాళ్ల దగ్గర ఒకటి నాటండి. పేరు మాత్రం చెక్కించవద్దు. మే ఆదివారం పిల్లలు వచ్చి ఆ రాళ్లు ఏమిటని అడిగితే ఏం చెప్పాలో నా రాయి వెనకవైపు రాసే ఉంటుంది.

ఇది చదివించి విని, సమ్మతించి, వణికే చేత్తోనే సంతకం చేశాను.

2011 ఏప్రిల్ 9, సోర్‌వుడ్ లోయ.

ఓర్ఫా స్టోలింగ్స్

సాక్షులు:
ఐవా లెస్టర్, పక్కింటావిడ
క్లెటస్ బ్రాగ్, చర్చి పెద్ద