ఎనిమిది మందిని కూర్చోబెట్టి

అమ్మా, ఫిల్మ్‌నగర్‌లో నేను క్షేమం. ఫోన్‌లో చెప్పలేక ఈ కార్డు రాస్తున్నాను.

బ్యాంకు పరీక్ష పోయింది. గుండ్రబల్ల చుట్టూ ఎవరి పక్కన ఎవరో తేల్చి ఎనిమిది మందిని కూర్చోబెట్టే పజిల్ వచ్చింది. కోచింగ్‌లో తిరుమలేశ్ సారు ఎప్పుడూ చెప్పేవారు, "జర చూడు, రాకుంటే ఇడిచిపెట్టు" అని. నేను పంతానికి పోయి దాన్నే పట్టుకున్నాను. అందరినీ సరిగ్గానే కూర్చోబెట్టాను, కానీ తేలిక ప్రశ్నలు చూడకముందే టైమ్ అయిపోయింది. వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతుంది.

సారేమో, "ఏడ్వకు బిడ్డా, కొత్త బ్యాచుకు గీ పజిల్స్ నువ్వే చెప్పు" అన్నారు. సోమవారం నుంచి వెళ్తాను. నా కాటన్ చీరలు పంపు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?

నాన్నకు నువ్వే మెల్లగా చెప్పు. ఆయన నన్ను ఒక్క మాటా అనరు, నాకు అదే ఎక్కువ బాధ.

ఇద్దరికీ దండాలు.
నీ అరుణజ్యోతి