అర్జీలో మూడో పేరా

నర్సీపట్నం
12 జూలై 1986

భానుమూర్తికి,

ఆశీర్వదించడానికి నీకంటే మూడు నెలలే పెద్దవాణ్ణి, నమస్కరించడానికి చిన్నవాణ్ణి కాను. అందుచేత కౌగిలించుకుని మొదలుపెడుతున్నాను. రెండు వీధుల అవతల ఉండి ఉత్తరమేమిటని నవ్వుతావు. ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసినవాడు పోస్టు డబ్బాను ఆశ్రయించడం నాకూ వింతగానే ఉంది. ఎదురుగా కూర్చుంటే మాత్రం చెప్పవలసింది వదిలి ఇంకేదో చెబుతాను.

మన టెలిఫోన్ చందాదారుల సంఘం తరఫున నువ్వు ఢిల్లీకి రాసిన అర్జీ నాలుగుసార్లు చదివాను. తంతి చట్టానికి నూరేళ్లు నిండాయి, అది రాసిన దొరలకు కంప్యూటరంటే ఏమిటో తెలియదు, కొత్త కాలానికి కొత్త నిబంధనలు రాయండి అన్నావు. బాగుంది. దరఖాస్తు పెట్టినవాడికి ఫోన్ ఎన్నాళ్లకిస్తారో గడువు చెప్పాలన్నావు. ఇదీ బాగుంది. రావికమతం కొండబాబు దరఖాస్తు పెట్టేనాటికి పెళ్లికాలేదు, ఇప్పుడు కూతురు హైస్కూల్లో చదువుతోంది. ఫోన్లు సర్కారు చేతిలోనే ఉండాలా, కంపెనీలకు ఇవ్వాలా అన్న రెండో పేరా దగ్గర నాకు మతి పోయింది. పొద్దున్న సర్కారే ఉండాలనిపిస్తుంది, అన్నం తిన్నాక కంపెనీలే నయమనిపిస్తుంది. నేను ఇంగ్లీషు నేర్చుకున్నదే డిపార్టుమెంటు రూలు పుస్తకం చూసి. అందులో ప్రతి రూలుకీ ఒక మినహాయింపు. అందుకే నాకు ఏ అభిప్రాయమూ పూటకు మించి నిలవదు.

మూడో పేరా దగ్గర తికమక కాదు, భయం వేసింది. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చినా ఆపరేటర్లను తియ్యకూడదని చట్టంలో రాయమన్నావు. ఊరిని ఎరిగిన మనిషి మధ్యలో ఉండాలన్నావు. దృష్టాంతంగా, ముప్ఫై ఏళ్లలో ఒక్క పిలుపూ చేజారనివ్వని సోమసుందరం అని నా పేరు ఎక్కించి, కింద సంతకం చెయ్యమన్నావు.

చెయ్యలేను. ఆ ఎరిగిన మనిషి సంగతి విను.

పి.పి. కాల్ అంటే అడిగిన మనిషి లైన్లోకి వస్తేనే మాట, లేడంటే పూర్తి ఛార్జీ పడదు. రూలు ప్రకారం ఆ ఇంటికి గంట కొట్టి అడగాలి. నేను అడిగేవాణ్ణి కాదు. ఎవరు ఏ ఊరెళ్లారో నాకే తెలుసు కదా. జీడిపప్పు కొట్టు కొండలమ్మ కిటికీ దగ్గరకొచ్చి, "బాబూ, నక్కపల్లిలో మా తమ్ముడికి బేగి కలుపు" అంటే, "మీ తమ్ముడు ఇటొచ్చే బస్సెక్కి అరగంటయింది" అనేవాణ్ణి. "ఎక్స్ఛేంజిలో కూకుని బస్సులు కూడా నువ్వే తోల్తన్నావేటి బాబూ" అని నవ్వుకుంటూ పోయేది. ఊరంతా మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను.

1977 ఫాల్గుణంలో నువ్వు ఉపమాక స్వామి కల్యాణానికి వెళ్తున్నావని కాఫీ హోటల్లో విన్నాను. ఆ మధ్యాహ్నం రాజమండ్రి నుంచి నీ పేరు మీద పి.పి. కాల్ వచ్చింది. మీ అక్క వర్ధనమ్మ గారు. మీ అమ్మ దినకార్యాల దగ్గర మాటా మాటా వచ్చి ఏడేళ్లుగా మీకు మాటల్లేవని నాకు తెలుసు. అయినా నీ ఇంటికి గంట కొట్టలేదు. "ఉపమాక వెళ్లాడండి, రేపటిదాకా రాడు" అన్నాను. "అలాగా అండీ. వాడు రాగానే నేను చేశానని చెప్పండి" అందావిడ.

సాయంత్రం బజారులో వంకాయలు బేరమాడుతూ నువ్వే కనిపించావు. ఉపమాక వెళ్లనేలేదు. చెబితే గంట కొట్టలేదని ఒప్పుకోవాలి. ఉద్యోగం గుర్తొచ్చింది. రేపు చెబుదామనుకున్నాను. పన్నెండో రోజున ఆవిడ పోయింది. ఈ తొమ్మిదేళ్లలో "అక్క పోయేముందు ఒక్క ఫోనైనా చెయ్యలేదురా" అని నా ఎదుట ఎన్నిసార్లు అన్నావో లెక్కలేదు.

చేసింది, భానూ.

యంత్రమైతే గంట కొట్టేది. అది ఎవర్నీ ఎరగదు. ఎరగకపోవడం మంచిదో చెడ్డదో నేను తేల్చుకోలేకుండా ఉన్నాను. అర్జీ తిప్పి పంపుతున్నాను. నన్ను ఇక నీ గుమ్మం ఎక్కనిస్తావో లేదో నీ ఇష్టం.

ముఖం చూపలేని
సోమసుందరం


నర్సీపట్నం
14 జూలై

ఒరే సోమూ,

నీ ఉత్తరం కోర్టులో చదివాను. నా క్లయింటు కేసుకు వాయిదా అడిగి ఇంటికొచ్చేశాను.

ఉపమాక వెళ్తున్నానని హోటల్లో నలుగురూ వినేలా చెప్పింది నేనే. అక్క ఫోన్ చేస్తుందని మేనల్లుడు ముందే కార్డు రాశాడు. ఊరెళ్తున్నానన్న మాట నీ చెవిన పడితే చాలు, నా ఇంట్లో గంట మోగదని నాకు తెలుసు. వియ్యంకుణ్ణి తప్పించుకోవాలన్నా ఈ ఊళ్లో అందరూ చేసే పని అదే. తెలియనివాడివి నువ్వొక్కడివే.

కానీ ఆవిడ నిజంగా చేసిందో, కార్డుతోనే ఆగిపోయిందో నాకు తెలియలేదు. నిన్ను అడిగితే నా ఎత్తు బయటపడుతుంది. అందుకే "చెయ్యలేదురా" అంటూ వచ్చాను, ఏదో ఒక రోజు నువ్వు కాదంటావని. ఆఖరికి నీ పేరు అర్జీలో ఎక్కించాను, అబద్ధం కింద నువ్వు సంతకం పెట్టవని.

మూడో పేరా కొట్టేశాను. గంట మోగి ఉంటే ఫోన్ ఎత్తేవాణ్ణో కాదో ఇప్పటికీ తెలియదు. ఎత్తకూడదనుకుంటే అది ఆగేదాకా పక్కన కూర్చుని వినవలసి వచ్చేది. ఆ పాటి శిక్ష మనిషికి ఉండాలి. రెండో పేరా నాకూ తేలలేదు, అలాగే పంపేద్దాం.

అక్క అన్న మాట రాశావు. గొంతు ఎలా ఉందో రాయలేదు. అది కాగితం మీద వద్దు. సాయంత్రం వస్తున్నాను, ఇంట్లో ఉండు.

భానుమూర్తి