కొమ్ముకు చుట్టిన పచ్చితోలు

బావా,

ఈ రోజు నీ సంవత్సరీకం. వచ్చినవాళ్లంతా నీ తోలు పనితనం గురించే మాట్లాడారు. నీ తమ్ముడు ఏటూరునాగారం నుంచి ఒక కొమ్ము తెచ్చాడు, నాటు తుపాకీ మందు పోసుకునేది. తుపాకీని ఎప్పుడో సర్కారుకు అప్పజెప్పినా, నీ గుర్తుగా దీన్ని దాచుకున్నాడట. కొమ్ము పగులు మీద నువ్వు చుట్టిన తోలు పొరలుగా లేచిపోయింది.

"అన్న చేతి పని గిట్లెట్ల ఊడింది వదినె?" అన్నాడు.

పచ్చితోలును నానబెట్టి, తడిగా చుట్టి, నీడన ఆరనివ్వాలి. నేను పుట్టింటికి పోయిన రోజుల్లో నువ్వు దీన్ని పొయ్యి సెగకు ఆరబెట్టావు. నీకు ఆగడం ఎప్పుడు తెలుసు గనక!

"మీ అన్న చేసింది గిదొక్కటే. మంచిగున్నయన్నీ నేను కుట్టినయే," అన్నాను, అందరూ వినేలా.

"పోయినోని ఇజ్జత్ ఎందుకు తీస్తవ్ వదినె?"

"ఉన్నప్పుడు నన్ను నోరు తెరవనిచ్చిండా?"

నీ తోలును కోసి తీసి, నీళ్లలో మెత్తబరచి, మన కుక్కకు వేశాను. నిన్ను పొగిడినవాళ్లు అన్నం తిని వెళ్లిపోయారు. కుక్క మాత్రం నీ పనిని ఇంకా వదలకుండా నములుతోంది.