నాకు కేసు దొరికింది తాతా

బాటసింగారం,
4 మే 1969.

చిరంజీవి ఎస్తేరుకు తాత సాలోమోను ఇక్కణ్ణుంచే నెత్తిమీద చెయ్యి పెట్టి రాయునది. ఇక్కడ నేనూ, రెండు మేకలూ, మీ నాయనమ్మ కాంతమ్మ పోయేముందు నాటిన మునగచెట్టూ క్షేమం. అక్కడ నువ్వూ, నీ చదువూ, కిరాయి గదీ క్షేమమని తలుస్తాను.

నేను మాట్లాడే తెలుగు ఒకటి, రాసే తెలుగు ఒకటి అని నవ్వకు. బడికి పోనివాణ్ణి. శనగలు కట్టిచ్చిన పొట్లాలు విప్పి చదువు నేర్చుకున్నాను. అందుకే నా తెలుగు పత్రికల తెలుగులా ఉంటుంది, మంచి రసపట్టులో చిరిగిపోతుంది కూడా.

నిన్న మధ్యాహ్నం మునగనీడలో కన్ను మూతపడింది. కలలో మీ దిల్‌సుఖ్‌నగర్ ద్రాక్షతోటలు కనిపించాయి. ఒక్కొక్క పందిరి కింద ఇద్దరిద్దరు మనుషులు ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. నువ్వు ఇత్తడి చెంబు పట్టుకుని పందిరి పందిరికీ తిరుగుతున్నావు. చెంబులో నీళ్లు లేవు, మాటలున్నాయి. వంచి పోస్తుంటే చప్పుడు కావడం లేదు. ఇంతలో మేక అరిచింది. అరవకుండా ఉంటే, ఆ మాటలు తాగినవాళ్లు ఏమన్నారో వినేవాణ్ణి.

అసలు సంగతికి వస్తాను. పక్కింటి అంతయ్య అడిగాడు, "మీ పిల్ల బీయే అయిపాయె గద, మల్ల గిదేం సదువు?" అని. సంసారాలు చక్కబెట్టే చదువన్నాను. "గదానికి సదువెందుకే? మా ముత్తమ్మ బడి మొకం సూడలే, ఊర్ల సంసారాలన్ని ఆమె నోట్లెనే ఉన్నయి" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. నీ దగ్గరుంటే పంపు.

ప్రత్యేక రాష్ట్రం గొడవల వల్ల కాలేజీలన్నీ మూసేశారట. ఈ సంవత్సరం పోయేటట్టుంటే వచ్చేయ్ బిడ్డా. మిషన్ బడిలో టీచరు జాగా ఖాళీగా ఉంది.

ఇట్లు,
నీ తాత సాలోమోను.

తా.క. అంతయ్య భార్య ముత్తమ్మ ఈ ఉత్తరంలో తన పేరు రాయమంది. రాశాను. ఏం రాశానో మాత్రం చెప్పలేదు.

*

దిల్‌సుఖ్‌నగర్,
12 మే.

తాతకు ఎస్తేరు వందనాలు.

మీ అంతయ్య మామకు ఇలా చెప్పు: ముత్తమ్మత్త చేసేది మాట్లాడటం. మేం నేర్చుకునేది వినడం. కుటుంబమో బస్తీయో కష్టంలో పడితే పక్కన కూర్చుని వినాలి. సలహా ఇవ్వకూడదు. ఇవ్వకుండా ఉండటానికే రెండేళ్ల చదువు. నిన్ను చూస్తూ పెరిగినదాన్ని కదా, నాకు మూడేళ్లు పట్టేటట్టుంది.

కాలేజీకి తాళం నిజమే. మా లలితకుమారి మేడమ్ సైదాబాదులో వాళ్లింటి అరుగుమీదే పాఠం చెబుతున్నారు. జూన్ 25లోగా ఒక్క కుటుంబంతో కడదాకా పనిచేసి, అంతా రాసిస్తే పాసు. లేకపోతే సంవత్సరం పోయినట్టే. నాకు టీచరు జాగా వద్దు తాతా. నాకు ఇదే కావాలి.

ఇంటివాళ్లు సాంబమూర్తిగారు, శేషారత్నంగారు. రాజమండ్రి వైపువాళ్లు, మంచివాళ్లు. కానీ రెండు వారాలుగా ఒకరితో ఒకరికి మాటల్లేవు. "ఎస్తేరమ్మా, కాఫీ చల్లారిపోతోందని చెప్పమ్మా ఆయనకి" అంటారావిడ. ఆయన పక్కనే ఉంటారు. నేను చెబుతాను. "తాగుతున్నానని చెప్పమ్మా" అంటారాయన. మళ్లీ చెబుతాను. ఇల్లంతా నీళ్లలో మునిగినట్టుంటుంది. గోడగడియారం కూడా ఎవరినో అడిగి కొట్టినట్టు కొడుతుంది.

ఉంటాను,
ఎస్తేరు.

తా.క. ఇన్‌లాండు అంచున రాస్తున్నాను, చోటు లేదు. నాకు కేసు దొరికింది తాతా! ఇంటివాళ్లదే. దీంతోనే గట్టెక్కాలి. ఎవరికీ చెప్పకు.

*

బాటసింగారం,
20 మే.

ఎస్తేరుకు తాత ధైర్యం చెప్పి రాయునది. ఇక్కడ అందరం క్షేమమే అనుకో.

ఈ రోజుల్లో ఉత్తరాలు విప్పి చూస్తారని అంటున్నారు. కాబట్టి నేను సూటిగా రాయను, నువ్వూ రాయకు. కేసు సంగతి తెలిసింది. గట్టి కేసేనా? ఎన్నాళ్లు నడుస్తుంది? ఎవరి ముందు హాజరు కావాలి? ఇంటివాళ్లు నీతో ఎట్లా ఉంటున్నారు? ఇవే చాలు, మిగతాది నేను అర్థం చేసుకుంటాను. అర్థం చేసుకోవడంలో నన్ను మించినవాడు ఈ తాలూకాలో లేడు.

నువ్వు చిన్నప్పుడు తూనీగ తోకకు దారం కట్టి, కాసేపటికి జాలిపడి దారంతో సహా వదిలేశావు. ఆ తూనీగ వారం రోజులు దారం ఈడ్చుకుంటూ మన వాకిట్లోనే తిరిగింది. ఎందుకో ఇవాళ పొద్దున్నుంచీ అదే కళ్లముందు తిరుగుతోంది.

ఇట్లు,
ఎవరో నీకు తెలుసు.

తా.క. చెప్పొద్దన్నావు కాబట్టి అంతయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అంతయ్య ముత్తమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆదివారం చర్చిలో నీ కేసు కోసం ఊరంతా మోకాళ్లమీద ప్రార్థన చేసింది.

*

దిల్‌సుఖ్‌నగర్,
9 జూన్.

తాతకు ఎస్తేరు వందనాలు.

నీ ఉత్తరం ఇవాళే అందింది. బంద్‌ల మధ్య అది ఎక్కడెక్కడ నిద్రపోయి వచ్చిందో. నా చదువు కోసం ఊరంతా ప్రార్థన చేసిందంటే ఏడుపొచ్చింది.

అడిగినవన్నీ చెబుతాను. చాలా గట్టి కేసు. రోజూ సాయంత్రం గంటసేపు ఆ ఇద్దరి ముందు కూర్చుంటాను. వాళ్లేమన్నా ఎదురు చెప్పకూడదు. వాళ్లన్న మాటే మళ్లీ అనాలి. తర్వాత అంతా కాగితం మీద పెట్టాలి. వారం వారం సైదాబాదు వెళ్లి సంతకం చేసి రావాలి. మొన్న గొంతు పెంచానని మేడమ్ కోప్పడ్డారు. అసలు గొడవేమిటో నీకు కూడా చెప్పకూడదు, అది నియమం.

ఒక్కటే భయం. శేషారత్నంగారు ట్రంకుపెట్టె సర్దేసి ముందుగదిలో పెట్టారు. ఇరవయ్యో తేదీ రైలుకు పుట్టింటికి వెళతారట. ఈసారి వెళితే తిరిగి రానని చెప్పమన్నారు. చెప్పాను. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నారు. ఆవిడ వెళ్లిపోతే ఈ ఇల్లు ఇల్లు కాదు తాతా. నా కేసూ పోతుంది, సంవత్సరమూ పోతుంది.

ఉంటాను,
ఎస్తేరు.

తా.క. నువ్వు కూడా ఈమధ్య నియమం ప్రకారం రాస్తున్నట్టున్నావు. తూనీగ తప్ప నాకేమీ అర్థం కాలేదు.

*

బాటసింగారం,
13 జూన్.

బిడ్డా ఎస్తేరూ,

క్షేమాలు తర్వాత. వారం వారం సంతకమా! మన ఇస్సాకు చిన్నాయన నిజాం జమానాలో ఠాణాకు పోయి వారం వారం సంతకం పెట్టాడు. కేసు ఏమిటంటావా, ఆయన ఎద్దు పట్వారీ జొన్నచేలో పడింది. కేసు తేలేలోపు ఎద్దు ముసలిదై చచ్చిపోయింది. ఆ ఎద్దు కథ పెద్దది, ఎదురుగా చెబుతాను.

వాళ్లన్నదే నీచేత అనిపిస్తున్నారంటే ఒప్పుకోలు రాయించుకుంటున్నారన్నమాట. ఒక్క మాట కూడా ఒప్పుకోకు. ఆ అమ్మగారు వెళ్లిపోతే కేసు పోతుందంటున్నావు, మరి భయమెందుకు? వెళ్లనీ! పెట్టె మొయ్యడానికి నేనే వస్తున్నాను. బస్సుల నమ్మకం లేదు. అంతయ్య మామిడిపండ్ల బండి మీద బయలుదేరుతున్నాను. జమానత్తు పూచీకి ఎకరం పట్టా కాగితం మీ నాయనమ్మ చీరకొంగు ముక్కలో కట్టుకున్నాను. పరేషాన్ కాకు.

ఇట్లు,
తాత.

తా.క. ఉత్తరం కన్నా బండే ముందు చేరితే ఇది చదవకు.

*

దిల్‌సుఖ్‌నగర్,
26 జూన్.

తాతకు ఎస్తేరు వందనాలు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నువ్వు వెళ్లిన నాలుగు రోజులకు. చదవొద్దన్నావు, చదివాను.

పదహారో తేదీ పొద్దున నువ్వు గుమ్మంలో నిలబడి, "జర కేసు వాపస్ తీసుకోండ్రి సారూ, పసిపిల్ల, గిదిగో నా పట్టా" అన్నప్పుడు సాంబమూర్తిగారి చేతిలోని కాఫీ కాళ్లమీద పడింది. మా చదువులో కుటుంబాన్నే కేసంటారని నేను చెప్పాక నువ్వు గంటసేపు నవ్వావు. తర్వాత "వచ్చిన గద, జర కూసుంట" అని శేషారత్నంగారి ట్రంకుపెట్టె మీద కూర్చున్నావు. ఆరు రోజులు లేవలేదు.

తాతా, ఒక సంగతి చెప్పాలి, కోపం తెచ్చుకోకు. మూడోరోజు మధ్యాహ్నం. నువ్వు ఎద్దు కథలో జొన్నచేను దాటి ఠాణా దగ్గరికొచ్చావు. శేషారత్నంగారు వంటింట్లోంచి వచ్చారు. నా వైపు చూడలేదు. నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి, ఏడు వారాల తర్వాత మొదటిసారి నోరు విప్పారు:

"ఏవండీ, ఈ పెద్దాయన ఎప్పుడు వెడతారండీ?"

"నన్నడిగితే నాకేం తెలుసే! ఎద్దు ఇంకా బతికే ఉంది" అన్నారాయన.

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఆయనా నవ్వారు. నీకు కుడిచెవి వినబడదు కాబట్టి నువ్వు చెప్పుకుంటూ పోయావు. మర్నాడు నీకు ఏం వండాలని మాట్లాడుకున్నారు. ఆ మర్నాడు నువ్వు మీద కూర్చుని ఉండగా పెట్టె ఎలా తీయాలని. ఇరవయ్యో తేదీ రైలు ఆవిడ లేకుండానే వెళ్లిపోయింది.

నిన్న మేడమ్ నా కాగితాలు చదివి, "ఏ పద్ధతి వాడావు?" అని అడిగారు. పుస్తకంలో దానికి పేరు లేదన్నాను. పాసు చేశారు. ఇంటివాళ్లు నీ గురించి అలా అన్నారని నొచ్చుకోకు తాతా.

ఉంటాను,
ఎస్తేరు.

తా.క. ఎద్దు ఎలా చచ్చిపోయిందో రాయమని సాంబమూర్తిగారు అడుగుతున్నారు.

*

బాటసింగారం,
1 జూలై.

సంసారాలు చక్కబెట్టే ఎస్తేరుకు, పెట్టె మీద కూర్చునే తాత దీవించి రాయునది. ఇక్కడ మేకలు క్షేమం. మునగచెట్టుకు వాన పడింది.

నాకు వినబడనిది కుడిచెవి. ఆ అమ్మగారు నిలబడింది ఎడమపక్క.

అసలు గొడవ నీ నియమం వల్ల నువ్వు చెప్పలేదు. మూర్తిగారే రెండోరోజు నాకు చెప్పారు, నాకు నియమాలు లేవు కదా. వీధిలోకి గొడవల్లో తిరిగే కాలేజీ పిల్లలు వచ్చి "మీదే ఊరు?" అని అడిగితే ఈయన భయపడి "మాదిక్కడే, సైదాబాదు" అన్నాడట. లోపల్నుంచి ఆవిడ "అబద్ధమెందుకండీ, మాది రాజమండ్రి పక్కన కడియం!" అని కేకేసిందట. పిల్లలు నవ్వి, మంచినీళ్లు తాగి పోయారు. వాళ్లు పోయారు గానీ మాట పోలేదు. ఇల్లు తగలబెట్టిస్తావని ఈయన, నా పుట్టినూరినే కాదంటావా అని ఆవిడ. ఎవరిది తప్పని నన్నడిగారు. నీ చదువు గుర్తొచ్చి సలహా ఇవ్వలేదు. నా జన్మలో అదే మొదటిసారి. కడుపు ఉబ్బిపోయింది. అందుకే ఎద్దు కథ ఎత్తుకున్నాను.

మూడోరోజు ఆ మాట విన్నాక మూట కట్టుకోవచ్చు. కానీ ఒక్కమాటతో వదిలేస్తే, నిప్పురవ్వ చూసి వంటయిందనుకున్నట్టే. ఇంకా మూడు రోజులు కూర్చున్నాను. ఇరవయ్యో తేదీన మరీ గట్టిగా కూర్చున్నాను. పెట్టె అంచులు ఇనపవి బిడ్డా, ఇప్పటికీ నొప్పి.

ఈ పద్ధతి పేరు మీ మేడమ్‌కు చెప్పు. దీని పేరు తీతు మామ. పెళ్లయిన కొత్తలో మీ నాయనమ్మా నేనూ విత్తనాల నుంచి కోతల దాకా మాట్లాడుకోలేదు. ఎందుకో ఇప్పుడు గుర్తు లేదు, నిజంగా లేదు. వాళ్ల మేనమామ తీతు వచ్చి మా గడపలో పంతొమ్మిది రోజులు కూర్చున్నాడు, ఒకే కథ చెబుతూ. ఇరవయ్యో రోజు కాంతమ్మ నా దగ్గరికొచ్చి, "ఏమయ్యా, గీ ముసలోడు ఎప్పుడు పోతడు?" అంది. మామ ఆ సాయంత్రమే కర్ర తీసుకుని బయలుదేరాడు. వాకిట్లో వెనక్కి తిరిగి ఎందుకో నవ్వాడు. ఎందుకో మొన్న ఆ ట్రంకుపెట్టె మీద తెలిసింది, నలభై ఏళ్లకు.

అంతయ్యకు కూడా జవాబు దొరికింది. చదువు ఎందుకంటే, నువ్వు ఆ ఇద్దరి మాటలూ ఏడు వారాలు పడిపోకుండా పట్టుకున్నావు. నేను వచ్చి చెంబు వంచానంతే.

ఇట్లు,
నీ తాత సాలోమోను.

తా.క. పట్టా కాగితం, మీ నాయనమ్మ కొంగు ముక్క మీ ఇంట్లోనే మరిచిపోయాను. మూర్తిగారు ఉత్తరం రాశారు, తెచ్చి ఇస్తారట, ఇద్దరూ కలిసి వస్తారట, పల్లె చూసినట్టూ ఉంటుందట. రానీ. కానీ వారమయినా కదలకపోతే, వీళ్లు ఎప్పుడు పోతరే అని నేను ఎవరిని అడగాలి? నిన్న మధ్యాహ్నం కునుకులో వంటింటి వైపు తిరిగి అడిగాను కూడా. మునగాకు కదిలింది, అంతే. వాళ్లతోపాటు నువ్వూ రా బిడ్డా. అడిగేందుకు ఇంట్లో ఒక మనిషి ఉండాలి.